ఎత్తు – ఔన్నత్యం

పాఠ్యభాగ ఉద్దేశం

ఎత్తులో రికార్డులు నెలకొల్పిన కట్టడాల, వినోదయంత్రాల, వ్యక్తుల చరిత్రను తెలపడం. ఆ ఎత్తుల వెనుక ఉన్న శాస్త్రసూత్రాలను, మానవశ్రమను, వేదనను విద్యార్థులు గుర్తించేటట్లు చేయడం. ఎత్తుకూ ఔన్నత్యానికీ గల భేదాన్ని గురించి ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందింది. ఒక విషయాన్ని క్రమబద్ధంగా, సోదాహరణంగా, సమగ్రంగా వివరించే గద్యరచన వ్యాసం.

పాఠం

ఎత్తుకోసం జరిగిన తొలి పోటీ మనుషుల మధ్య కాదు, పర్వతాల మధ్య జరిగిందని పురాణాలు చెబుతాయి. సూర్యుడు మేరుపర్వతానికి ప్రదక్షిణం చేయడం చూసి వింధ్యపర్వతం అసూయ చెందింది. ఆకాశమార్గాన్ని అడ్డగించేంతగా పెరిగిపోయింది. సూర్యగమనం ఆగింది. లోకంలో ఒక భాగం ఎండకు మాడిపోయింది; మరొక భాగం చీకటిలో మునిగిపోయింది. దేవతల ప్రార్థనను మన్నించి అగస్త్యమహర్షి కాశిని విడిచి దక్షిణదిశకు బయలుదేరాడు. తన ముందు తలవంచిన వింధ్యాన్ని, తాను తిరిగివచ్చేవరకు అలాగే ఉండమని ఆదేశించాడు. ఆయన తిరిగి రాలేదు. వింధ్యం తిరిగి లేవలేదు. శ్రీనాథమహాకవి రచించిన కాశీఖండంలో ఈ కథ ఆరంభభాగంలోనే కనిపిస్తుంది. ఈ కథలో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. వింధ్యం పెరిగింది తన అవసరం కోసం కాదు. మేరువును మించడం కోసం.

తెలుగులో 'ఎత్తు' అనే చిన్నమాట పెక్కు అర్థాలను మోస్తున్నది. కొండ ఎత్తు అన్నప్పుడు అది కొలత. వీసమెత్తు బంగారం, తులమెత్తు వెండి అన్నప్పుడు అది తూకం. చదరంగంలో ఎత్తుకు పై ఎత్తు వేశాడన్నప్పుడు అది ఉపాయం. మానవుడు ఆకాశంవైపు సాగించిన ప్రయాణాన్ని పరిశీలిస్తే ఈ మూడు అర్థాలూ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. కొలత కోసం బయలుదేరినవానికి మొదట అడ్డుపడింది తూకం. దానిని కొంతవరకు జయించిన తరువాత మొదలైంది ఎత్తుకు పై ఎత్తుల ఆట.

ఈజిప్టులోని గీజా వద్ద ఖుఫూ అనే రాజుకు సమాధిగా క్రీస్తుపూర్వం 26వ శతాబ్దిలో మహాపిరమిడ్‌ను నిర్మించారు. నిర్మించిన నాడు దాని ఎత్తు సుమారు 146 మీటర్లు. దాదాపు 3,800 సంవత్సరాలపాటు మానవ నిర్మాణాలలో దానిని మించినది లేదు. అయితే ఆ 146 మీటర్ల ఎత్తును నిలపడానికి అడుగున ఒక్కొక్క భుజం 230 మీటర్ల పొడవు ఉండవలసి వచ్చింది. అందులో సుమారు 23 లక్షల రాళ్లు ఉంటాయని నిపుణుల అంచనా. 14వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులోని లింకన్ నగరపు ప్రధాన చర్చి శిఖరం పిరమిడ్‌ను మించిందని చెబుతారు. కొయ్యతో కట్టి సీసపు రేకులు తొడిగిన ఆ శిఖరం 1548లో కూలిపోయింది. దానిని మళ్లీ కట్టలేదు.

రాతిమీద రాయి పేర్చుకుంటూ పోతే ఎత్తుకు అవధి ఎందుకుండాలి? ఈ ప్రశ్నకు ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో 1638లో ప్రచురించిన తన చివరి మహాగ్రంథంలో సమాధానం చెప్పాడు. ఒక స్తంభాన్ని అదే ఆకారంలో పొడవు, వెడల్పు, మందం మూడింటా రెట్టింపు చేశామనుకుందాం. దానిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. స్తంభానికి బలాన్నిచ్చేది ఆ వైశాల్యమే. కాని దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. అంటే బలం నాలుగు రెట్లు పెరిగేలోగా భారం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ప్రతి చదరపు అంగుళమూ మునుపటికి రెండింతల బరువు మోయవలసి వస్తుంది. ఇలా పెంచుతూ పోతే ఏదో ఒక దశలో స్తంభం తన బరువును తానే మోయలేక నలిగిపోతుంది. ఈ సూత్రం రాతిస్తంభానికి ఎంత వర్తిస్తుందో, ప్రాణి ఎముకకూ అంతే వర్తిస్తుందని గెలీలియో నిరూపించాడు.

ఆంగ్లదేశంలో జన్మించి, 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వాన్ని స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సూత్రాన్ని సర్వప్రాణులకూ అన్వయించాడు. మనిషికి పదిరెట్లు ఎత్తున్న రాక్షసుడు కథలలో నడవగలడు గాని నేలమీద నడవలేడు. అతని బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఎముకల బలం వంద రెట్లే పెరుగుతుంది. అడుగు వేసీ వేయగానే అతని తొడ ఎముక విరుగుతుంది. కనుక ప్రతి ఆకారానికీ తగిన పరిమాణం ఒకటుంది. పరిమాణం మారాలంటే ఆకారం మారాలి. లేదా పదార్థం మారాలి.

కట్టడాల చరిత్రలో ఆ పదార్థం మారిన సంవత్సరం 1889. ఫ్రెంచి విప్లవం జరిగి నూరేళ్లు నిండిన సందర్భంగా పారిస్ నగరంలో జరిగిన ప్రదర్శన కోసం గుస్తావ్ ఈఫిల్ సంస్థ 300 మీటర్ల ఇనుప గోపురాన్ని నిలబెట్టింది. అంతకు ఐదేళ్ల ముందు పూర్తయిన అమెరికాలోని వాషింగ్టన్ స్మారకస్తంభం 169 మీటర్ల రాతికట్టడం. దానిని కట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఈఫిల్ గోపురానికి రెండేళ్ల రెండు నెలలు చాలింది. దాని రహస్యం బలిష్ఠమైన గోడలలో లేదు. గోడలు లేకపోవడంలో ఉంది. సుమారు 7,300 టన్నుల ఇనుమును జల్లెడవలె అల్లడం వల్ల గాలి దానిని ఢీకొనదు. దాని గుండా సాగిపోతుంది. బరువు తరువాత ఎత్తుకు రెండవ శత్రువు గాలి అని ఈఫిల్ గ్రహించాడు. గోపురపు అంచుల వంపును ఆ గాలి ఒత్తిడిని లెక్కగట్టి తీర్చాడు. 20 సంవత్సరాల తరువాత విప్పివేయాలన్న ఒప్పందంతో కట్టిన ఆ గోపురం, తంతిలేని వార్తాప్రసారానికి ఉపయోగపడటం వల్ల నిలిచిపోయింది. కేవలం ఎత్తు దానిని రక్షించలేదు, ఉపయోగం రక్షించింది.

కట్టడం ఎంత ఎత్తు లేచినా మనిషి కాళ్లు ఎక్కగలిగే మెట్లకు మితి ఉంది. ఆ మితిని దాటించింది లిఫ్టు. బరువులెత్తే యంత్రాలు పూర్వం కూడా ఉన్నాయి. కాని తాడు తెగితే ప్రాణం పోతుందన్న భయం ఉండేది. 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ ఎత్తున వేలాడే వేదికపై నిలబడి, దానిని మోస్తున్న తాడును నరికించాడు. వేదిక పడిపోలేదు. తాడు వదులైన మరుక్షణమే పక్కనున్న పళ్లపట్టీలను పట్టుకునే ఏర్పాటు దానిని ఆపింది. ఆ ఏర్పాటు వెంట ఉక్కు చట్రం వచ్చింది. గోడలు భారం మోయడం మాని తెరలుగా మారాయి. 1885లో చికాగోలో లోహపు చట్రంతో లేచిన పది అంతస్తుల భవనాన్ని ఆకాశహర్మ్యాలకు ఆద్యమని చాలామంది చరిత్రకారులు పరిగణిస్తారు.

తూకం అనే అడ్డంకి కొంత తొలగగానే ఎత్తుకు పై ఎత్తుల ఆట ఆరంభమైంది. 1929లో న్యూయార్క్ నగరంలో రెండు భవనాలు పోటీపడి లేస్తున్నాయి. ఒకటి వాల్ స్ట్రీట్‌లోని 283 మీటర్ల బ్యాంకు భవనం. రెండవది క్రైస్లర్ భవనం. వాటి రూపకర్తలు ఒకప్పుడు వ్యాపార భాగస్వాములు; తరువాత విడిపోయినవారు. క్రైస్లర్ భవనపు రూపకర్త విలియం వాన్ ఆలెన్ 56 మీటర్ల పొడవున్న ఉక్కు శిఖరాన్ని భాగాలుగా తెప్పించి, భవనం కిరీటభాగంలోనే రహస్యంగా కూర్పించాడు. 1929 అక్టోబరు 23న ఆ శిఖరం భవనం లోపలినుండి పైకి లేచింది. గంటన్నర కాలంలో పోటీ ముగిసింది. క్రైస్లర్ భవనం 319 మీటర్లకు చేరింది. ఆ మరునాడు, అక్టోబరు 24న, అదే నగరంలోని స్టాక్ మార్కెట్ కుప్పకూలడం మొదలైంది. మహా ఆర్థికమాంద్యానికి అది నాంది. క్రైస్లర్ భవనపు ప్రాభవం కూడా ఏడాది నిలవలేదు. 1931 మే 1న 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం ప్రారంభమైంది. అందులో అద్దెకు దిగేవారు లేక చాలా అంతస్తులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. అత్యున్నత భవనమని పేరు వచ్చింది గాని ఆ పేరు అద్దె తేలేదు.

ఢాకా నగరంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు ఫజ్లుర్ రెహమాన్ ఖాన్ భవనాన్ని గొట్టాల సముదాయంగా భావించే కొత్త పద్ధతిని రూపొందించి, 1970ల నాటికి ఎత్తైన భవనాల నిర్మాణాన్ని మలుపు తిప్పాడు. చికాగోలోని 442 మీటర్ల సియర్స్ టవర్ ఆయన ప్రతిభకు నిదర్శనం. ఆ పరంపరలో వచ్చినదే దుబాయిలోని బుర్జ్ ఖలీఫా. 2010 జనవరి 4న ప్రారంభమైన ఈ భవనం ఎత్తు 828 మీటర్లు. మూడు రేకుల పువ్వువంటి ఆకారం దానిది. నడుమనున్న కాండాన్ని మూడు రెక్కలూ మూడు వైపులనుండి ఒరిగి నిలబెడతాయి. పైకి పోయేకొద్దీ ఒక్కొక్క రెక్క ఒక్కొక్కచోట ఆగిపోతుంది. ఏ రెండు ఎత్తులలోనూ ఆకారం ఒకటిగా ఉండకపోవడం వల్ల గాలి సుడులు ఒక్కటై భవనాన్ని ఊపలేవు. ఇంతటి నిర్మాణం నిలిచింది నేలలోకి దిగిన 192 కాంక్రీటు స్తంభాలపైన. ఒక్కొక్కటి సుమారు 50 మీటర్ల లోతుకు పోయింది. వేసవిలో పగటి ఎండకు కాంక్రీటు పగులుతుందని, మంచు కలిపి రాత్రివేళ పోశారు. అయితే మనుషులు వాడుకోగల చివరి అంతస్తు సుమారు 585 మీటర్ల వద్దనే ఉంది. ఆపైన ఉన్న దాదాపు 240 మీటర్లలో ఎవరూ నివసించరు. క్రైస్లర్ భవనపు శిఖరం వలెనే అది కూడా పై ఎత్తు కోసం పెరిగిన ఎత్తు.

ఆ భవనాన్ని చూసినవారు రూపకర్తల పేర్లు చెప్పుకుంటారు. యజమానుల పేర్లు చెప్పుకుంటారు. మంచు కలిపిన కాంక్రీటును రాత్రివేళ మోసినవారి పేర్లు ఎవరికీ తెలియవు. వారిలో అత్యధికులు భారత ఉపఖండంనుండి వెళ్లినవారు. 2006 మార్చిలో ఆ నిర్మాణస్థలంలోని కార్మికులు వేతనాల విషయమై, పని పరిస్థితుల విషయమై తీవ్రంగా ఆందోళన చేశారు. గల్ఫ్ దేశాలలో నిర్మాణపు పనులకోసం కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుండి వేలాది తెలుగువారు దశాబ్దాలుగా వలసపోతున్నారు. ఊరిలో అప్పుచేసి విమానమెక్కి, ఎడారిలో ఇతరుల కోసం అంతస్తులు లేపి, సొంత ఊరిలో ఒక డాబా కట్టుకోగలిగితే చాలుననుకునే జీవితాలవి. ఎత్తైన ప్రతి కట్టడానికీ కనిపించే శిఖరం ఒకటి, కనిపించని పునాది ఒకటి ఉంటాయి. కనిపించని పునాది కాంక్రీటు మాత్రమే కాదు.

పునాదిని మరచిన ఎత్తుకు ఏమవుతుందో అదే 2010వ సంవత్సరంలో తెలుగునేల చూసింది. సువర్ణముఖీ నదీతీరాన, ధూర్జటి మహాకవి ఆరాధించిన శ్రీకాళహస్తీశ్వరుని క్షేత్రంలో, శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచింది. దానిపై పగుళ్లు ఏర్పడ్డాయి. అవి క్రమంగా పెరిగాయి. 2010 మే 26 రాత్రి ఆ గోపురం కుప్పకూలింది. ప్రమాదాన్ని గుర్తించి ప్రజలను ముందుగానే దూరంగా తరలించడం వల్ల ప్రాణనష్టం తప్పింది. తరువాత కొత్త గోపురాన్ని నిర్మించి 2017లో ప్రతిష్ఠించారు. ఎత్తును కట్టడం ఒక తరం చేయగల పని. దానిని నిలపడం మాత్రం ప్రతి తరమూ చేయవలసిన పని.

కట్టడాల ఎత్తు నిలిచి ఉండేది. వినోదయంత్రాల ఎత్తు క్షణకాలం అనుభవించేది. తిరునాళ్లలో, హైదరాబాదు నుమాయిష్ వంటి ప్రదర్శనలలో పిల్లలు ఎక్కే జెయింట్ వీల్ 1893లో చికాగోలో పుట్టింది. పారిస్ ప్రదర్శనలోని ఈఫిల్ గోపురాన్ని మించిన వింత కావాలని అమెరికా నిర్వాహకులు కోరగా, జార్జ్ ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు 80 మీటర్ల ఎత్తున్న తిరుగుడు చక్రాన్ని నిర్మించాడు. దానికి 36 పెట్టెలు. ఒక్కొక్క దానిలో 60 మంది. ఒకేసారి 2,160 మంది ఆకాశంలో తిరిగేవారు. లక్షలాది ప్రజలు ఎక్కి ఆనందించారు. కాని రూపకర్త ఆర్థికవ్యాజ్యాలలో చిక్కుకుని 1896లో, 37 ఏళ్ల వయసులోనే మరణించాడు. ఆ చక్రాన్ని 1906లో పేల్చివేశారు. ఫెర్రిస్ పేరు మాత్రం ఆంగ్లభాషలో అటువంటి ప్రతి చక్రానికీ నిలిచిపోయింది. 2021లో దుబాయిలో ప్రారంభమైన ఐన్ దుబాయి చక్రం 250 మీటర్ల ఎత్తుతో రికార్డు సాధించింది. ఐదారు నెలలకే మూతపడి 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్నది. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో మొదలైన కింగ్డా కా అనే రోలర్ కోస్టర్ 139 మీటర్ల ఎత్తుకు మనుషులను విసిరినట్లుగా తీసుకుపోయేది. మూడున్నర క్షణాలలో గంటకు 206 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది. 2024 నవంబరు వరకు అది నడిచింది. 2025 ఫిబ్రవరి 28న దానిని పేల్చి పడగొట్టారు. పిరమిడ్ రికార్డు ముప్పైఎనిమిది శతాబ్దాలు నిలిచింది. ఈ యంత్రపు ఆయుర్దాయం ఇరవై ఏళ్లు కూడా లేదు.

రాయి ఎత్తు, ఉక్కు ఎత్తు మానవుడు కోరుకున్నవి. శరీరపు ఎత్తు కోరుకుంటే వచ్చేది కాదు. 1918 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఆల్టన్ అనే ఊరిలో రాబర్ట్ వాడ్లో జన్మించాడు. పుట్టినప్పుడు అందరివంటి శిశువే. మెదడు అడుగున ఉండే చిన్న పీయూషగ్రంథి మితిమీరి పనిచేయడం వల్ల అతడు ఆగకుండా పెరిగాడు. ఎనిమిదేళ్లకే ఆరడుగులు దాటాడు. ఆ పెరుగుదలను ఆపే చికిత్స ఆనాటి వైద్యానికి తెలియదు. 1940 జూన్ 27న అతని ఎత్తును కొలిచినప్పుడు 272 సెంటీమీటర్లు ఉంది. చరిత్రలో నిస్సందేహంగా కొలిచిన మనుషుల ఎత్తులలో ఇదే అత్యధికం. ఆ కొలత తీసిన 18 రోజులకు, జూలై 15న, అతడు మరణించాడు. అప్పటికి అతని వయసు 22 సంవత్సరాలు.

గెలీలియో స్తంభానికి చెప్పిన సూత్రం ఈ యువకుని కాళ్లపై అక్షరాలా పనిచేసింది. సుమారు 199 కిలోల బరువును మోయడానికి అతని కాళ్లకు లోహపు పట్టీలు కట్టవలసి వచ్చింది. పాదాలలో స్పర్శ చాలావరకు నశించింది. పట్టీ ఒరుసుకుని చీలమండ వద్ద బొబ్బ లేచినా అతనికి తెలియలేదు. ఆ పుండు విషమించి ప్రాణం తీసింది. అతడు న్యాయశాస్త్రం చదవాలని ఆశించినవాడు. మృదుస్వభావి. కొంతకాలం సర్కసులో కనిపించినా, వింతవేషం వేయడానికి ఒప్పుకోక, తన మామూలు దుస్తులతోనే ప్రేక్షకుల ముందు నిలబడ్డాడు. చూసేవారికి తన శరీరాన్ని చూపాడు గాని ఆత్మగౌరవాన్ని అమ్ముకోలేదు. అతని అంతిమయాత్రకు దాదాపు 40,000 మంది వచ్చారు. దేహాన్ని ఎవరూ అపహరించకుండా సమాధిని కాంక్రీటుతో కప్పించిన కుటుంబసభ్యులు, అతని వస్తువులు ప్రదర్శనకు వింతలు కాకూడదని చాలావాటిని నాశనం చేశారు. లోకం రికార్డును చూసింది. ఆ కుటుంబం మనిషిని చూసింది.

రాబర్ట్‌కు అందని చికిత్స మరొకరికి అందింది. టర్కీ దేశస్థుడైన సుల్తాన్ కోసెన్ ఎత్తు 2011లో 251 సెంటీమీటర్లు. అదే గ్రంథిలోని కణితికి 2010లో అమెరికా వైద్యులు కిరణచికిత్స చేశారు. 2012 నాటికి అతని పెరుగుదల ఆగిందని నిర్ధారణ అయింది. రికార్డు పెరగకపోవడమే అతనికి వరమైంది. 2014 నవంబరులో లండన్‌లో అతడు నేపాలుకు చెందిన చంద్రబహదూర్ డాంగీని కలిశాడు. డాంగీ ఎత్తు 54.6 సెంటీమీటర్లు, కొలతకు అందిన వయోజనులలో ఆయనే అతి పొట్టివాడు. ఒకరు వంగి, ఒకరు చేయి చాచి కరచాలనం చేసుకున్నారు. ఇద్దరి మధ్య దాదాపు రెండు మీటర్ల వ్యత్యాసం ఉంది. మర్యాదలో మాత్రం వ్యత్యాసం లేదు.

అయితే ఎత్తును కోరడమే దోషమా? కాదు. కృష్ణానదిపై 124 మీటర్ల ఎత్తున నాగార్జునసాగర్ ఆనకట్ట ఉంది. రాతికట్టడపు ఆనకట్టలలో ఇంత ఎత్తైనది అరుదు. 1955 డిసెంబరు 10న పునాది వేసి, వేలాది శ్రామికుల చేతులతో రాయి పేర్చి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. నీటి ఒత్తిడి లోతుకు పోయేకొద్దీ హెచ్చుతుంది గనుక ఆనకట్ట కూడా పిరమిడ్ వలె అడుగున వెడల్పై, పైన సన్నబడింది. ఆ ఎత్తు ఎవరినీ మించడానికి లేవలేదు. నల్గొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పొలాలకు నీరివ్వడానికి లేచింది. దానికీ మూల్యం ఉంది. ఆచార్య నాగార్జునుని పేరు నిలిపిన ప్రాచీన బౌద్ధక్షేత్రపు లోయ జలమయమైంది. అక్కడి ముఖ్య అవశేషాలను తవ్వితీసి, ద్వీపంగా మారిన కొండమీదికి చేర్చి భద్రపరిచారు. కోల్పోయేదేమిటో తెలుసుకుని, దక్కించుకోగలిగినదానిని దక్కించుకుని లేపిన ఎత్తు అది.

'ఉన్నతం' అనే మాట 'నమ్' అనే సంస్కృత ధాతువునుండి పుట్టింది. ఆ ధాతువుకు వంగడం అని అర్థం. 'వినతం', 'ప్రణతి', 'నమస్కారం' అనేవి కూడా అదే ధాతువునుండి పుట్టినవే. పైకి లేవడాన్ని చెప్పే మాట వంగడాన్ని చెప్పే ధాతువునుండి రావడం ఆలోచించదగినది. ఎత్తును టేపుతో కొలవవచ్చు. ఒకనాటి రికార్డును మరునాడు మరొకరు చెరిపివేయవచ్చు. ఔన్నత్యానికి ఆ భయం లేదు. తనను మోస్తున్న పునాదిని, తనకోసం శ్రమించిన చేతులను, తన నీడలో నిలిచినవారిని తలవంచి చూడగలిగిన ఎత్తు మాత్రమే ఔన్నత్యమని అనిపించుకుంటుంది.

అర్థాలు

అవధి = హద్దు, మేర
మితి = పరిమాణపు హద్దు
సోదాహరణంగా = ఉదాహరణలతో కూడి
అన్వయించు = వర్తింపజేయు
ఆకాశహర్మ్యం = మిక్కిలి ఎత్తైన భవనం
ఆద్యం = మొదటిది
నాంది = ఆరంభం
ప్రాభవం = గొప్పతనం, ఆధిక్యం
పీయూషగ్రంథి = శరీరపు పెరుగుదలను నియంత్రించే గ్రంథి
వ్యత్యాసం = భేదం

వ్యాకరణాంశాలు

సంధులు
ఉత్ + నతి = ఉన్నతి – అనునాసిక సంధి
మహా + ఋషి = మహర్షి – గుణసంధి
అతి + అధికం = అత్యధికం – యణాదేశ సంధి

సమాసాలు
సూర్యగమనం – సూర్యుని యొక్క గమనం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు – తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
మహాగ్రంథం – గొప్పదైన గ్రంథం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కేవలం ఎత్తు దానిని రక్షించలేదు, ఉపయోగం రక్షించింది.
2. లోకం రికార్డును చూసింది. ఆ కుటుంబం మనిషిని చూసింది.

II. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మహాపిరమిడ్ అడుగున ఒక్కొక్క భుజం పొడవు ఎంత?
2. 1854లో ఎలీషా ఓటిస్ ఏమి ప్రదర్శించాడు?
3. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని ఎవరు, ఎప్పుడు కట్టించారు?

III. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎత్తు పెరిగేకొద్దీ భారం బలాన్ని మించిపోవడానికి కారణాన్ని వివరించండి.
2. క్రైస్లర్ భవనపు శిఖరం విషయంలో జరిగిన 'పై ఎత్తు' ఎటువంటిది?

IV. వ్యాసరూప సమాధానం రాయండి.
1. ఎత్తుకూ ఔన్నత్యానికీ గల భేదాన్ని పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.

V. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలో ఎత్తైన ఒక కట్టడాన్ని ఎంచుకోండి. అది ఎప్పుడు, ఎందుకు కట్టారో, కట్టినవారు ఎక్కడివారో పెద్దలనడిగి తెలుసుకుని నివేదిక రాయండి.